తోడేసిన కంజిర

కంజిర వాయించే మనిషికి కుర్చీ వేసినారంటే, మర్యాదగా ఇంటికి పొమ్మంటున్నారని అర్థం. కుర్చీలో కూర్చొని కంజిర వాయించినవాణ్ని నేనైతే చూడలేదు. చాప ఉండాలి. చాప మీద ఎడమ మోకాలు కాస్త లేపి కూర్చోవాలి. ఆ మోకాలి మీద మోచెయ్యి ఆనితేనే ఎడమచేతి వేళ్లకు చర్మాన్ని అంచున నొక్కి, శబ్దాన్ని లోపలికి గుంజి వదిలే ఒడుపు దొరుకుతుంది. కుర్చీలో కూర్చుంటే మోచెయ్యి యాడ ఆనించాలి? అయ్యగారి భుజం మీదా?

అయ్యగారంటే జమ్మలమడుగులో, మా నాయన కాలం నుంచీ మేము పోయే చర్చి పాస్టరు గారు. కిందటేడు వానలు తగ్గినాక ఒక ఆదివారం ఆరాధన ముగియగానే ఆయన నా చెయ్యి పట్టుకొని గోడవారకు నడిపించి, శానా మెత్తగా, "మామా, ఈసారి కోతపండక్కి మీకు ముందు వరసలో కుర్చీ ఏపిస్తాం. చాప మీద ఏంటికిలే, మోకాళ్ల నొప్పులు గదా మీకు" అన్నారు.

"నాకు మోకాళ్ల నొప్పులని ఎవరు చెప్పినారయ్యగారూ?"

"పోయిన వారం ప్రార్థన చెయ్యమని మీరే గదా అడిగింది."

నేను ప్రార్థన అడిగింది నొప్పి తగ్గేదానికి, చాప తీసేదానికి కాదు. పాస్టరు గారు గదా అని తల ఊపినాను.

అసలు సంగతి మోకాళ్లు కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నా కంజిరకు చర్మం లేదు. ఆ ఎండాకాలంలోనే అంచున చీలిపోయింది. మా నాయన చేతి కంజిర అది. పనసచెక్క కట్టు, పక్కన చీలికలో రెండు రాగి బిళ్లలు, పైన ఉడుము చర్మం. మా నాయన కాలంలో ఆ చర్మం యాడిది అని అడిగినవాళ్లు లేరు. ఇప్పుడు ఉడుమును ముట్టుకుంటే జైలు. మంచిదే. దాని చర్మం దాని మీదనే ఉండాలంటే నేను కాదనను. అయితే అంత చట్టం రాసినవాళ్లు, కంజిరకు ఇక మీద ఏం కప్పుకోవాలో కూడా ఒక్క ముక్క రాసి ఉండాల్సింది. రాయలేదు. రాసేవాళ్లలో కంజిర వాయించేవాడు ఒక్కడూ లేనట్టుంది.

ఊరికే కూర్చోలేదు నేను. మేకతోలు వేయించి చూసినాను. మబ్బు పట్టితే చాలు, నీళ్లలో నానిన అట్టమాదిరి మెత్తబడుతుంది. ప్లాస్టిక్ కాగితం బిగించినాను. బియ్యం డబ్బా మీద కొట్టినట్టుంది. చివరికి నా మోకాలికి తీసిన ఎక్స్‌రే ఫిల్మును కత్తిరించి బిగించినాను. నా మోకాలి మీద నా మోకాలే కూర్చొని గలగలమంది. మా ఇంటామె ఒక్కసారి విని, "నొప్పి అంతా దాంట్లోనే వినపడతాంది" అని లోపలికి పోయింది.

ఈ సందులో చర్చిలోకి ఒక ప్యాడ్ వచ్చింది. కరెంటు మీద మోగే, పలక అంత పెట్టె. బ్యాంకులో పనిచేసే ఒకాయన దాన్ని వాయిస్తాడు. మనిషి మంచోడే, అదే నా బాధ. చెడ్డోడైతే తిట్టుకోవచ్చు. మొదటి రోజే నా దగ్గరికొచ్చి, "తాతా, మీ కంజిర కూడా దీంట్లో ఉండాది, ఇనండి" అని ఒక చోట వేలు పెట్టినాడు. పెట్టెలోనుంచి కంజిర వచ్చింది. ఎవరి కంజిరో పాపం. ఏ మహానుభావుణ్ని కూర్చోబెట్టి వాయించుకొని ఆ పెట్టెలో పెట్టుకున్నారో. వేలు ఎంత మెల్లగా పెట్టినా, ఎంత గట్టిగా పెట్టినా ఒకే మాట మాట్లాడుతుంది. నేను ఆయనతో, "మనం పాడే పాటేందో దానికి తెలుసా నాయనా?" అన్నాను. ఆయన నవ్వి, "ప్యాడ్ కదా తాతా" అన్నాడు. జవాబేనా అది?

కోతపండగంటే మాకు క్రిస్మస్ తరువాత అంత పండగ. చేలో మొదట కోసింది ఎవరిది వాళ్లు తెచ్చి దేవుని ముందర పెడతారు. జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్లు, ఒక్కోసారి మేకపిల్ల కూడా. పాటలైనాక వాటిని వేలం పాడతారు. ఆ పాటలకు మా నాయన వాయించినాడు, ఆయన తరువాత నేను. ఆ ఏడు కంజిర మోగకపోతే చాప మీద నా జాగాలో ప్యాడు కూర్చుంటుంది. ఒక్కసారి కూర్చుందంటే మళ్లీ లేవదు. అందుకని పండగలోపల కంజిరకు చర్మం కావాలి. నాకు కావలసింది అంతే.

నా చదువు గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను. బడిలో నేను అయిదో తరగతి దాకా. తరువాత ప్రొద్దుటూరుకు కాపురం మార్చి మైకుసెట్ల అంగడి పెట్టుకున్నాను. రేడియోలు, స్పీకర్లు బాగుచేసేవాణ్ని. చినిగిన స్పీకరు కాగితాన్ని అంటించి మళ్లీ పాడించడం నా పేరు నిలబెట్టిన విద్య. పాత కాగితాల అంగట్లో తూకానికి వచ్చిన పుస్తకాలన్నీ తెచ్చుకొని చదివినాను. ముందు పేజీలు లేనివి, వెనక పేజీలు లేనివి. అందుకే నాకు శానా విషయాలు మధ్యలోనుంచి తెలుసు. శబ్దం చెయ్యాల్సిన పొర పలచగా ఉండాలి, తేలికగా ఉండాలి, బిగువు ఓర్చుకోవాలి. కాగితమైనా తోలైనా అంతే. ఇది మాత్రం మొదటి నుంచీ చివరిదాకా తెలుసు.

ఆ రోజుల్లోనే పులివెందుల పోవలసి వచ్చింది. మా బామ్మర్దికి ఆడ చీనీ తోట ఉంది, మీరు బత్తాయి అంటారే, అది. గాలివానకు కాయ రాలిందని ఫోను చేస్తే పలకరించేదానికి పోయినాను. ముద్దనూరు మీదుగా బస్సు, కలమల్ల పక్కన కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు, ఆ తరువాత తోటలు. రాలిన కాయ మార్కెట్టుకు పోదు. మావాడు వాటిని పిండి, బెల్లం కలిపి, నీలం డ్రమ్ములో పులియబెట్టి చెట్ల పాదులకు పోస్తాడు. ఒక డ్రమ్ము మీద గోనెసంచి కప్పి వానల్లో మరిచిపోయినాడంట. నేను సంచి తీసి చూసినాను.

డ్రమ్ము నిండా రసం, రసం మీద ఒక మూత. మూతంటే పెట్టిన మూత కాదు. పుట్టిన మూత. తెల్లగా, చిక్కగా, ఊతప్పమంత మందాన, డ్రమ్ము నోటికి కొలత తీసి కోసినట్టు గుండ్రంగా ఉంది. వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకొచ్చింది. రెండు చేతులు పెట్టి ఎత్తినాను. చినగలేదు. నీళ్లు కారుతూ వేలాడింది.

మా బామ్మర్ది వెనకనుంచి, "ఏంది బావా, ఆ చీమిడిని పట్టుచీర మాదిరి ఎత్తుకోని చూస్తాండావు?" అన్నాడు.

"చీమిడి కాదప్పా ఇది. తోలు."

"ఎవురి తోలు?"

గోడకు ఆనించిన నాపరాయి మీద దాన్ని పరిచి వదిలేసినాను. భోజనమై, కునుకు తీసి లేచేసరికి ఎండకు ఊతప్పం కాస్తా ఉల్లిపొర అయిపోయింది. గోటితో అంచు లేపితే చర్రుమని రాతినుంచి వచ్చింది. రెండు చేతులతో బిగబట్టి, మా బామ్మర్దిని వేలితో కొట్టమన్నాను. కొట్టినాడు. టంగుమంది. యాభై ఏండ్లు స్పీకర్ల కాగితం కొట్టి చూసిన చెవులు నావి. ఆ చెవులు లేచి నిలబడినాయి.

"ఇంకోసారి కొట్టు" అన్నాను.

"నాకు పనుండాది బావా" అన్నాడు. మళ్లీ కొట్టినాడు గాని.

పచ్చి ముక్క ఒకటి, దానితో పాటు సీసాడు రసం తీసుకొని ప్రొద్దుటూరు వచ్చినాను. మా అక్క మనవరాలు ఇక్కడే డిగ్రీ కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్తుంది. ఆ పాప ఇంటికే నేరుగా పోయి, సీసా బల్ల మీద పెట్టి, ఇది ఏమిటో చెప్పమన్నాను. ముక్కను చేతిలోకి తీసుకొని వెలుతురుకు పెట్టి చూసి, నవ్వు మొహం పెట్టింది.

"బ్యాక్టీరియా నేసింది తాతా ఇది."

"క్రిములా?"

"క్రిములే. రసంలో చక్కెర తింటాయి, పైన గాలి పీల్చుకుంటాయి, ఒళ్లోనుంచి సన్నని పోగు వదులుతాయి. కోట్ల పోగులు అల్లుకోని ఈ పొరైతాది. నీ పంచెలో పత్తి ఉంది గదా, అదీ ఇదీ ఒకటే సరుకు. సెల్యులోజ్. పత్తి చెట్టు నెలలపాటు ఎండలో నిలబడి చేసేది, ఇవి రసంలో కూర్చోని చేస్తాయి. ఇట్లా ప్రాణమున్నవి అల్లే గొలుసుల్ని బయోపాలిమర్లు అంటాము."

నాకు కోపం వచ్చింది. పాప మీద కాదు. నేను చదివిన చిన్నప్పటి పాఠంలో క్రిములంటే రోగాలు తెచ్చేవి అనే ఉంది. పక్కన కొమ్ములు పెట్టి బొమ్మ కూడా వేసినారు. అరవై ఏండ్లు నేను వాటికి జడిసి చేతులు కడుక్కున్నాను. ప్రొద్దుటూరు చుట్టూ పత్తి పండి, ప్రొద్దుటూరు నిండా బట్టలంగళ్లు ఉండి, ఇంతమంది నేతగాళ్లు చీనీ రసంలో ఉన్నారని ఒక్క పుస్తకమూ నాకు చెప్పలేదు. లేదా చెప్పిన పేజీలు నా పుస్తకాల్లో చినిగిపోయి ఉండాలి.

"చేతులు కడుక్కోవడం మానొద్దులే తాతా" అంది పాప. "అన్ని క్రిములూ ఒకటి కావు. అవ్వ చేసే పెరుగు ఒక్కోసారి తీగలు సాగుతుంది చూడు, అది కూడా క్రిములు చేసే గొలుసే. టమాటా సాస్ చిక్కగా నిలిచేదానికి వేసే బంక ఒకటుంది, అదీ వీటి చుట్టాలు చేసిందే. కొన్నైతే ప్లాస్టిక్ లాంటిదాన్ని ఒంట్లో దాచిపెట్టుకుంటాయి, మనం కొవ్వు పెట్టుకున్నట్టు."

"అవన్నీ నాకొద్దు. ఇది కంజిరకు ఆగుతుందా?"

ఆమె ముక్కను రెండు వైపులా గుంజి చూసింది. "ఇట్లాంటి పొరను స్పీకర్లలో వాడినారని చదివినా. కంజిరకు ఎవరన్నా వేసినారో లేదో నాకు తెలీదు. చూద్దాం." తెలియనిదాన్ని తెలియదని చెప్పే టీచర్లను నేను తక్కువ చూసినాను. అందుకని ఆమె చెప్పిన నియమాలు వినేదానికి ఒప్పుకున్నాను. వెడల్పు ప్లాస్టిక్ టబ్బు కావాలి, ఇనుము పనికిరాదు. చీనీ రసం కాచి చల్లార్చి, చక్కెర వేసి, పచ్చి ముక్కనూ పాత రసాన్నీ కలపాలి. పలచని గుడ్డ కట్టి గాలి ఆడనివ్వాలి. కదిలించగూడదు. పది పదిహేను రోజులు వాటి జోలికి పోగూడదు. "ఇంకోటి తాతా. పొర ఎండినాక నీళ్లు తగలనీయొద్దు. తాగేసి మెత్తబడిపోతాది."

"నాకు తెలుసులే" అన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి.

వంటింట్లో ఒక మూల టబ్బుకు జాగా అడిగినాను. మా ఇంటామె ఊరగాయలు పెట్టడంలో మా వీధికి పెద్ద. ఆమె జాడీల్లో బూజు పట్టిందని విన్నవాళ్లు లేరు. గుడ్డ ఎత్తి పచ్చి ముక్కను చూసి మొహం చిట్లించింది.

"జీవితమంతా నేను జాడీలో బూజు రాకుండా కాపలా కాస్తి. ఇప్పుడు నువ్వు బూజును పెంచుతావా?"

"బూజు కాదే. నేతగాళ్లు."

"నేతగాళ్లయితే మగ్గం యాడుంది?"

అయినా జాగా ఇచ్చింది. టబ్బు కూడా తానే కడిగి, ఆరబెట్టి, గుడ్డ కట్టి పెట్టింది. నేను కదిలించగూడదు అన్నానని గ్రైండరు వెయ్యడం మానేసి, పప్పు తీసుకొని పక్కింటికి పోయి రుబ్బుకొని వచ్చేది. పక్కింటామె, "ఏం వదినా, మీ గ్రైండరు చెడిపోయిందా?" అంటే, "లేదు, మా ఇంటాయన టబ్బులో నీళ్లు నిద్రపోతాండాయి" అని చెప్పిందంట. వీధంతా తెలిసిపోయింది.

పదిహేను రోజులైనాక గుడ్డ విప్పినాను. రసం రసంగానే ఉంది. పైన నలుసంత పొర కూడా లేదు. మొదట వేసిన ముక్క అడుగున చచ్చిన చేపలా పడుకొని ఉంది.

సరే, పొయ్యి వేడి ఎక్కువైందని అనుకున్నాను. టబ్బును ఇంకో మూలకు మార్చి, సీసాలో మిగిలిన రసమంతా పోసి, మళ్లీ పెట్టినాము. మళ్లీ ఆమే కడిగింది, ఆమే కట్టింది. మళ్లీ ఏమీ లేదు. అప్పుడు నేను అందరినీ అనుమానించినాను. కుళాయి నీళ్లలో కలిపే మందును అనుమానించినాను. రసం కాచింది చాలలేదేమోనని గ్యాసును అనుమానించినాను. అంత దూరం కలమల్ల పొగగొట్టాలను కూడా వదలలేదు. చివరికి కాలేజీలో పాప చదివిన చదువు మీద కూడా ఒక మాట అన్నాను. అది ఎవరో మోసి ఆమె చెవిలో వేసినారు. మరుసటి ఆదివారం సాయంత్రం పాప నేరుగా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పి, వంటింట్లోకి పోయి, టబ్బు మీదికి వంగి వాసన చూసింది.

"తాతా, ఇది పులిహోర వాసన వస్తాందేంది?"

నేనూ వంగి చూసినాను. ఇన్ని రోజులు నాకెట్ల పట్టలేదో. మా ఇంట్లో ఆ వాసన గోడలకే ఉంటుంది కాబట్టి తెలియలేదనుకుంటా. ఇంగువ.

మా ఇంటామె తలుపు దగ్గర నిలబడి, దాంట్లో దాచేదేముంది అన్నట్టు, "పొగ పట్టించినా" అంది.

"ఏంటికి పట్టించినావే?"

"ఏందయ్యా, ఏంటికంటావు? జాడీలో ఏం పొయ్యాలన్నా ముందర నిప్పు మీద ఇంగువేసి, జాడీని బోర్లించి పొగ పట్టియ్యల్ల. అంచుకు ఉప్పూ పసుపూ రుద్దల్ల. లేకుంటే చెడిపోతాది. నువ్వేమో పగలంతా దాని ముందర కూర్చుంటివి. అంత ప్రేమగా పెంచుకుంటాండావు గదా, ఆటికేమీ పురుగు పట్టగూడదని రెండుసార్లూ కొంచెం ఎక్కువే పట్టించినా."

పాప నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. "అవ్వా, అవే పురుగులు" అంది. "నువ్వు పురుగుల్ని కాపాడేదానికి పురుగుల మందు వేసినావు."

మా ఇంటామె మొహం చూసి నేను తిట్టేది ఆపేసినాను. యాభై ఏండ్ల చెయ్యి అది. చెప్పకుండానే పనిచేసుకొని పోతుంది. అయినా ఒక్క మాట అనకుండా ఉండలేకపోయినాను. "చేతికి చెప్పేదానికి తలకాయ ఉండాల గదా" అన్నాను. ఈ మాట కూడా గుర్తుంచుకోండి.

బామ్మర్దికి ఫోను చేసినాను. ఆ డ్రమ్ము కథ అడిగితే, "చెట్లకు పోసేస్తి బావా. డ్రమ్ము కూడా కడిగేస్తి. చీమిడంతా దిబ్బలో పారేస్తి" అన్నాడు. పాతది లేనిదే కొత్తది పుట్టదు. మళ్లీ మొదటినుంచి పులియబెడదామంటే వానల కాలమంతా పట్టింది దానికి. పండగ చూస్తే ముంగిట్లో ఉంది. నేను పోయి గోడకు వేలాడదీసిన కంజిర కట్టును తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ వేలాడదీసినాను. చెయ్యగలిగింది అదొక్కటే. ముందు వరస కుర్చీ నా కళ్ల ముందర కనపడింది, మెత్త కూడా వేసి ఉంది.

వెనకనుంచి మా ఇంటామె, "తోడు ఉండాది గదా" అంది.

"ఏం తోడు?"

"మొదట నువ్వు తెచ్చినప్పుడే ఇంత ముక్క తుంచి, రసంతో పాటు కాఫీ సీసాలో పక్కన పెట్టినా. అప్పుడప్పుడు ఇంత చక్కెర నీళ్లు పోస్తాండా. ఏదన్నా కొత్తది ఇంటికొస్తే తోడు తీసి పెట్టకుండా ఎవరన్నా అంతా ఒకేసారి వాడతారా?"

పాప గబుక్కున, "దానికి ఇంగువ పొగ పట్టించినావా అవ్వా?" అంది.

మా ఇంటామె పాప వైపు, ఇంత చదువుకొని ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "తోడుకు ఇంగువ ఎవరన్నా పెడతారా?"

చూపించింది. అటక కింద, పాత గిన్నెల వెనక, గుడ్డ కట్టిన కాఫీ సీసా. లోపల సీసా నోరంత బిళ్ల, తెల్లగా, దిట్టంగా, దాని కింద ఇంకో బిళ్ల. నెల రోజుల నా చదువూ, నా ఎదురుచూపూ టబ్బులో చచ్చిపోతే, నేతగాళ్లు గిన్నెల వెనక మా ఇంటామె చక్కెర నీళ్లు తాగుతూ కాపురం చేసుకుంటున్నారు. నేను చెయ్యి చాచినాను. ఆమె సీసా వెనక్కు తీసుకుంది.

"దీపాలు పెట్టినాము. ఇప్పుడు తోడు ఇయ్యను."

"మనం చర్చికి పోయేవాళ్లమే. మనకు ఈ పట్టింపులేంది?"

"చర్చికి పోతే తోడు తోడు కాకుండా పోతాదా? మా అమ్మా చర్చికి పోయిందే, పొద్దుగూకినాక తోడు ఇయ్యలేదు. రేపు పొద్దున ఇస్తా."

నేను తెల్లవారేదాకా ఆగినాను. సొంత ఇంట్లో, సొంత పెండ్లాం దగ్గర, సొంత క్రిముల కోసం.

ఈసారి టబ్బును పాప వేడినీళ్లతో కడిగింది. మా ఇంటామెను చేతులు వెనక్కి కట్టుకొని దూరంగా నిలబడమన్నాము. నిలబడింది గాని, పెదాలు మాత్రం నిప్పు, ఇంగువ అని కదిలినట్టే ఉన్నాయి. నాలుగైదు రోజులకే రసం మీద పొగమంచు మాదిరి పొర కమ్మింది. వారం దాటినాక మీగడ, ఆ తరువాత దోసె, చివరికి నేను తోటలో చూసిన ఊతప్పం. పొరను తీసి, పాప చెప్పినట్టు చాకలి సోడా నీళ్లలో ఉడికించి, పసుపు రంగు పోయేదాకా కడిగి, రెండు ముక్కలు చేసినాను. మొదటి ముక్కను పాత కొయ్య చట్రానికి కట్టి ఎండలో పెట్టినాను. తొందర. పటుక్కున పగిలింది. రెండోది పచ్చిగా ఉన్నప్పుడే చింతగింజల బంకతో కంజిర కట్టుకు అంటించి, చుట్టూ దారం బిగించి, నీడలో పెట్టినాను. అది ఆరేకొద్దీ తనంతట తానే బిగుసుకుంది. ఎవరో లోపలినుంచి తాడు లాగుతున్నట్టు. పండగకు ముందు రోజు వేలితో కొట్టినాను. టంగుమంది. మా ఇంటామె పొయ్యి దగ్గరనుంచి, "ఊఁ" అంది. ఆమె ఊఁ అన్నదంటే బాగుందని.

కోతపండగ రోజు జమ్మలమడుగు చర్చి గుమ్మడికాయల వాసన, జొన్న వాసన, కోళ్ల గోల. ముందు వరసలో నిజంగానే ఒక కుర్చీ వేసినారు, మెత్తతో సహా. నేను దాన్ని చూడనట్టు దాటుకొని పోయి, చాప మీద ప్యాడాయన పక్కన కూర్చొని, ఎడమ మోకాలు లేపినాను. ఆయన నా కంజిరను చూసి, "ఏం తోలు తాతా ఇది, వెలుతురు కనపడతాంది?" అన్నాడు.

"చీనీకాయది" అన్నాను.

ఆయన చప్పున తన ప్యాడు వైపు తిరిగినాడు. నాకు మతి చలించిందని అనుకున్నట్టున్నాడు. అయ్యగారు పాట ఎత్తుకోమని తల ఊపినారు. అప్పుడు నేను చేసిన పని ఇది: పక్కనున్న నీళ్ల చెంబులో వేళ్లు ముంచి, కంజిర మీద నాలుగు చుక్కలు చల్లి, అరచేత్తో గుండ్రంగా రుద్దినాను.

ఉడుము చర్మానికి అట్లే చెయ్యాలి. పొడిగా ఉంటే అది కీచుమంటుంది. నీళ్లు తగిలితేనే గొంతు దించి మాట్లాడుతుంది. ఏ పాటకైనా ముందర నా చెయ్యి చెంబులోకి పోతుంది, నన్ను అడగదు. రుద్దడం అయినాక గాని నాకు పాప మాట గుర్తుకు రాలేదు. అప్పటికి పాట మొదలైంది. కొట్టినాను. బొద్దుమంది. తడిగుడ్డ మీద అప్పడం పడ్డట్టు. ఇంకో దెబ్బకు అది కూడా లేదు.

ఆడవాళ్ల వైపు చూసినాను. మా ఇంటామె చీరె కొంగు నోట్లో పెట్టుకొని భుజాలు కదిలిస్తోంది. చేతికి చెప్పేదానికి తలకాయ ఉండాల గదా అని ఆమె అనలేదు. అనకుండానే నాకు వినపడింది.

ఆ పాటంతా ప్యాడే మోసింది. ప్యాడాయన ఒక పని చేసినాడు, అది చెప్పాలి. తన పెట్టెలో కంజిర ఉన్న చోట వేలు పెట్టలేదు. డోలక్కు వాయించినాడు, తాళాలు వాయించినాడు, కంజిర జాగా ఖాళీగా వదిలేసినాడు. అది నేను గమనించినాను. అయ్యగారి చూపు కుర్చీ వైపు, కుర్చీ మీదనుంచి నా వైపు వచ్చింది. నేను కుర్చీ వైపు చూడలేదు.

పాట అయి వేలం మొదలైంది. కుర్చీలో ఎవరూ లేరు కదా అని సంఘంలో ఒకాయన దాని మీద అన్నిటికంటే పెద్ద గుమ్మడికాయను అందరికీ కనపడేట్టు నిలబెట్టినాడు. ఆ సందులో నేను కంజిరతో బయటికి పోయినాను. ఈసారి ఎండలో పెట్టలేదు, బుద్ధి వచ్చింది. వరండా నీడలో గాలికి ఎదురు పట్టుకొని నిలబడినాను. లోపల కోళ్లకు పాట ఎక్కుతోంది. మా ఇంటామె వచ్చి పక్కన నిలబడి, తన కొంగుతో విసరసాగింది.

"ఊదగాకు. నోటి తడి తగులుతాది" అంది.

"నాకు తెలుసు" అనబోయి ఆగినాను.

కాసేపటికి పొర మళ్లీ బిగుసుకోవడం వేళ్లకు తెలిసింది. మొదట అంచు, తరువాత నడుమ. చివరి పాటకు లోపలికి పోయి కూర్చున్నాను. చెంబును ప్యాడాయన ముందే తీసి తన వెనక పెట్టుకున్నాడు. కొట్టినాను. మోగింది. మా నాయన కంజిర మాదిరి మోగిందని చెప్తే అబద్ధం. ఉడుము గొంతు బరువుగా ఉండేది. దీనిది పలచని, చురుకైన గొంతు, తెల్లవారుజాము పిట్ట మాదిరి. అంచున నొక్కితే మాత్రం అదే వంపు, అదే గుంజుడు. మా నాయన వేళ్లకు ఒడుపు దొరికిన చోటే నా వేళ్లకూ దొరికింది. రెండో చరణానికి ముసలివాళ్లు చప్పట్లు అందుకున్నారు.

ఆరాధన అయినాక అయ్యగారు వచ్చి కంజిరను వేలితో తాకి చూసి, "వచ్చే ఆదివారం కొంచెం ముందే రాండి మామా, పాటలు చూసుకుందాం" అన్నారు. కుర్చీ మాట ఎత్తలేదు. ఎత్తేదానికి దాని మీద గుమ్మడికాయ ఇంకా అట్లే ఉంది, వేలంలో పాడుకున్నాయన మోయలేక మనుషుల కోసం చూస్తున్నాడు.

మేము ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడి ఉంటే ప్యాడాయన వెనకనే వచ్చినాడు. నన్ను కాదు, మా ఇంటామెను అడిగినాడు.

"అవ్వా, మా నాయన డోలక్కు ఇంట్లో ఊరికే ఉండాది. ఒక పక్క తోలు పోయింది. డోలక్కు పెద్దది గదా, ఆగుతాదో లేదో. ఆ చీనీకాయల తోడు కొంచెం ఇస్తే చూసుకుంటా. ఇప్పుడే మీతో పాటు వచ్చి తీసుకుంటా."

మా ఇంటామె పెన్నేరు వైపు తిరిగి పొద్దు ఎంతుందో చూసింది. బస్సు ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ అవుతుంది.

"రేపు పొద్దున రా నాయనా" అంది. "సీసా బాగా కడుక్కోని రా. ఇంగువ మాత్రం పెట్టొద్దు."